దోసిలి లేని పెట్టె

కాశిం తాత మరిచిపోతున్నాడు. కోటిలింగానికి వచ్చిన కష్టం అది.

మొదట వస్తువుల పేర్లు పోయాయి. గరిటె అడగవలసి వస్తే "కూర తీసేది" అనేవాడు. తర్వాత వారాల పేర్లు పోయాయి. తర్వాత, తెలిసిన మనిషి ఎదురొస్తే మర్యాదగా నవ్వి ఊరుకోవడం మొదలుపెట్టాడు. పాటలు మాత్రం నిలిచాయని అందరూ అనుకున్నారు. ఒక ముసురు రోజున పాడుతూ పాడుతూ చరణం మధ్యలో ఆగిపోయాడు. ముందుకు పోలేక, వెనక్కి రాలేక, ఏటి నడుమ నిలబడ్డ మనిషిలా చూశాడు. ఆ చూపు చూశాక కోటిలింగానికి తిండి సయించలేదు.

గుండ్లకమ్మ ఒడ్డున రేకుల కప్పు వేసిన చిన్న ఆశ్రమం వాళ్లది. తత్వాలు పాడేవాళ్ల చోటు. అక్కడ పాటల పుస్తకం లేదు. పాట ఒక నోటి నుంచి మరో నోటికే రావాలి. ఇచ్చేవారు పీట మీద కూర్చుంటారు. పుచ్చుకునేవారు ఎదురుగా నేల మీద కూర్చుని దోసిలి పడతారు. ఇచ్చేవారు ముందు ఆ పాట తమకు ఎవరిచ్చారో పేరు చెబుతారు, ఆ తర్వాతే పాడతారు. పుచ్చుకున్నవారు తిరిగి పాడాలి. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి పాడాలి. సరిగ్గా వచ్చాక దోసిలి కళ్లకద్దుకుని లేస్తారు. పేరు చెప్పని పాటను అక్కడ ఎవరూ పుచ్చుకోరు.

తాత దగ్గర పుచ్చుకున్న వాళ్లలో చాలామంది ఆయన కన్నా ముందే పోయారు. ఉన్న ఒక్కాయనకు గొంతు జబ్బు చేసి మాట పడిపోయింది. ఆశ్రమంలో ఇప్పుడు తాతతో పాటు ఉన్నది ఇద్దరే. ఒకరు వంట చూసే బూబమ్మ. దేవుడు తనకు చెవులిచ్చి గొంతు ఇవ్వడం మరిచిపోయాడని చెప్పుకునేది. రెండోవాడు కోటిలింగం. మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేసి, భార్య పోయాక ఇక్కడికి వచ్చి చేరాడు. కొత్తగా వచ్చినవాళ్లు కొన్నేళ్లు వినడమే తప్ప దోసిలి పట్టకూడదు. అతనికి ఇంకా ఆ వంతు రాలేదు.

ఇక వంతుల కోసం చూస్తే పాటలు మిగలవని అతనికి అనిపించింది. తాత పాటలన్నీ కంప్యూటర్లో దాచాలని నిశ్చయించుకున్నాడు.

ఆశ్రమంలో ఎవరో ఇచ్చిపోయిన పాత కంప్యూటరు ఉంది. దాన్ని నిలబెట్టాలంటే లోపల చాలా భాగాలు మార్చాలి. కొత్తవి కొనే స్తోమత లేదు. కోటిలింగం ఆన్‌లైన్లో ఓపెన్ బాక్స్ సరుకు వెతికాడు. ఒకరు కొని, పెట్టె తెరిచి, ఏ కారణం చేతనో తిప్పి పంపేసిన సరుకు అది. సీలు పోయింది కనుక ధర తగ్గించి మళ్లీ అమ్ముతారు. కొట్లో ఉన్న రోజుల్లో ఇలాంటివి ఏరడంలో అతనికి మంచి పేరుండేది. ఫొటోల్లో గీతలు చూసేవాడు, పెట్టె మీది నంబరూ వస్తువు మీది నంబరూ ఒకటేనా అని చూసేవాడు, వాపసుకు ఎంత గడువిచ్చారో చూసేవాడు. ఆ నేర్పు మీద అతనికి కాస్త గర్వం ఉండేది.

ముందుగా తెర వచ్చింది. ఆ పార్సెల్ విప్పుతుంటే బూబమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. తెర వెనకాల ఏ ఇంటి పిల్లలో అంటించిన సీతాకోకచిలుక బొమ్మ ఉంది.

"ఎవరో ఎంగిలి చేసిన పళ్లెంలో తాతకి అన్నం పెడతావన్నమాట," అంది.

"ఎంగిలి కాదక్కా. మడత విప్పి చూసి వద్దనుకున్న చీర లాంటిది. చిరుగు లేదు, మాపు లేదు. సగం ధరకిస్తే నువ్వు కట్టుకోవూ?"

"కట్టుకుంటా. ఉతికితే రంగు పోతుందని వద్దనుకుందేమో ముందు కనుక్కుంటా."

కోటిలింగం నవ్వాడు. తీగ తగిలించగానే తెర నిండా వెలుగొచ్చింది. ఒక్క మచ్చ కూడా లేదు. తర్వాత వచ్చిన మదర్‌బోర్డు కూడా అంతే, ర్యామ్ కూడా అంతే. పాత కంప్యూటరు లేచి కూర్చుంది. బూబమ్మ కూడా తెర వెనక సీతాకోకచిలుకను ఒకసారి కొంగుతో తుడిచి, పోనీలే, బాగానే ఉంది అనుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

చివరగా హార్డ్‌డిస్క్ వచ్చింది. పాటలుండవలసింది అందులోనే. చిన్న పెట్టె, టేపు మీద టేపు వేసి ఉంది. దాన్ని తాత చేతిలో పెట్టి, ఇంత చిన్నదానిలో మీ పాటలన్నీ పట్టి ఇంకా చోటు మిగులుతుందని కోటిలింగం చెప్పాడు. తాత దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు, గోటితో తట్టాడు, తిప్పి చూశాడు.

"ముందు కొన్నాయన ఎందుకు తిప్పి పంపాడట?"

"అది రాయరు తాతా. కొందరు ఊరికే పంపేస్తారు. తొందరపడి కొని మనసు మార్చుకుంటారు."

"ఆయన పేరు?"

"అదీ చెప్పరు."

తాత డిస్కును రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

అలాంటి డిస్కు రాగానే దాన్ని ఆసాంతం పరీక్ష చేయాలి. అందుకు ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఆ సంగతి కోటిలింగం కన్నా బాగా తెలిసినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మర్నాడు పొద్దున్నే పరీక్ష మొదలుపెట్టాడు కూడా. కాని అదే పొద్దున తాత ముఖం కడుక్కుంటూ ఒక పాట అందుకున్నాడు. కోటిలింగం అంతకు ముందు ఎన్నడూ వినని పాట. పరీక్ష ఆపి మైకు పట్టుకుని పరుగెత్తాడు. మిగిలిన పరీక్ష రేపు చేద్దామనుకున్నాడు. మర్నాడు మరో పాట వచ్చింది. ఆ తర్వాత అతను పరీక్ష మాటే ఎత్తలేదు.

పద్ధతిగా మొదటి పాట ఇచ్చేముందు తాత పీట మీద కూర్చుని ఎదుట నేల వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కోటిలింగం పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, తెర మీద లేచి పడే గీతలు చూస్తున్నాడు.

"పుచ్చుకునేది ఎవర్రా?"

"ఇదే తాతా," అని కోటిలింగం డిస్కు ఉన్న డబ్బాను చూపించాడు.

"దీనికి దోసిలేదీ?"

కోటిలింగానికి నవ్వొచ్చింది. తాత నవ్వలేదు. కాసేపు ఆ డబ్బానే చూసి, గొంతు సవరించుకుని, "ఇది నాకు ఉప్పుగుండం సాలమ్మ ఇచ్చిన పాట" అని మొదలుపెట్టాడు.

చలికాలమంతా అలాగే సాగింది. తాతకు తెలివి బాగున్న పూట పాడేవాడు. మంచి పాటలు వచ్చాయి. గొంతు ఒణికినా మాట చెదరలేదు. సాయంత్రాలు కోటిలింగం వాటిని శుభ్రం చేసేవాడు. దగ్గులు తీసేసేవాడు, బూబమ్మ గిన్నెల చప్పుడు తీసేసేవాడు. ప్రతి పాటకూ ముందు తాత చెప్పే పేరు కూడా తీసేసేవాడు. పాట నేరుగా మొదలైతే వినేవాళ్లకు బాగుంటుందని అతని ఆలోచన.

ఒకరోజు తాతకు వినిపించాడు. తాత కళ్లు మూసుకుని సాంతం విన్నాడు.

"సాలమ్మ ఏదిరా?"

"పాటలో ఆమె లేదు కదా తాతా. అందుకని తీసేశాను."

తాత తల ఊపాడు. ఒప్పుకున్నట్టు ఊపాడో, అర్థం కాక ఊపాడో తెలియలేదు.

బూబమ్మ ఒకసారి ఊరుకోలేక అడిగింది. తాత ముసలాయన కనుక మరిచిపోతాడు సరే, నువ్వు గట్టిగానే ఉన్నావు కదా, ఆ పాట నువ్వే నేర్చుకుంటే ఏం పోయింది అని. కోటిలింగం ఆమెకు ఓపికగా చెప్పాడు. మనిషి ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతాడు, ఇది మరిచిపోదు. మనిషి పోతాడు, ఇది ఉంటుంది. ఇలాంటి ఓపెన్ బాక్స్ డిస్కు మరొకటి చవగ్గా దొరికితే దాంట్లోనూ ఒక నకలు పెడతాను, ఇక భయమే ఉండదు. బూబమ్మ విని, సరేలే, నీకు తెలిసినంత నాకు తెలియదు అంది. ఆ రెండో డిస్కు సరైన ధరకు దొరకలేదు. దొరికినప్పుడు చూద్దామనుకున్నాడు.

ఎండలు ముదిరే ముందు ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే తాత కేక వేశాడు. ఒక పాట వచ్చిందన్నాడు. సెల్‌ఫోనులో కూడా చార్జి లేదు. కాసేపాగమని, కరెంటు రానివ్వమని కోటిలింగం బతిమాలాడు.

"కరెంటు వచ్చేదాకా ఇది నాలో ఉంటుందని నువ్వు పూచీ ఉంటావా?" అన్నాడు తాత. "కూర్చో. చెయ్యి పట్టు."

చేసేది లేక కోటిలింగం నేల మీద కూర్చుని దోసిలి పట్టాడు. అతను దోసిలి పట్టడం అదే మొదలు. మనసు మాత్రం తీగల మీదే ఉంది. రేకుల మీద వాన చప్పుడులో తాత ఎవరిచ్చారో పేరు చెప్పి, వంగి, అతని చేతుల్లోకి పాడినట్టు పాడాడు.

దారి పక్కన నిప్పు రాజేసి పోతిని
దారినబోయేవారు చలి కాచుకొంటిరి
తెల్లవారి చూస్తే బూడిదే మిగిలె
వెచ్చదనమెవరింట నిద్దుర పోయెనో

కోటిలింగం తిరిగి పాడితే తప్పు పోయింది. మళ్లీ పాడించాడు. మళ్లీ పోయింది. అలా ఎన్నిసార్లో. అతనికి విసుగు వచ్చింది, చేతులు లాగాయి. తాతకు మాత్రం ఆ పూట విసుగన్నది లేదు. చివరికి సరిగ్గా వచ్చాక, కళ్లకద్దుకో అన్నాడు. కోటిలింగం అద్దుకున్నాడు. కరెంటు వచ్చేసరికి తాత నిద్రపోయాడు. మర్నాడు అడిగితే అలాంటి పాట తనకు తెలియనే తెలియదన్నాడు.

ఒక్క పాట డిస్కులోకి రాకుండా పోయిందని కోటిలింగం చాలా రోజులు బాధపడ్డాడు.

ఎండాకాలంలో డిస్కు లోపల చిన్న శబ్దం మొదలైంది. గోటితో గాజును తట్టినట్టుండేది. కోటిలింగానికి ఆ శబ్దం తెలుసు. కొట్లో ఉండగా, ఎవరైనా అలాంటి శబ్దం చేసే డిస్కు తెస్తే అతను వాళ్ల ముఖం వైపు చూసేవాడు కాదు. వెంటనే కంప్యూటరు ఆపేశాడు. మళ్లీ వేసేసరికి తెర మీద డిస్కు లేదు.

దాన్ని గుడ్డలో చుట్టుకుని ఒంగోలు తీసుకుపోయాడు. పోయిన ఫైళ్లు వెలికితీసే ఒకాయన దాన్ని విప్పి చూసి, లోపలి పళ్లెం మీద గీతలు పడ్డాయని, ఇక ఏమీ రాదని చెప్పాడు. ఇది ఎప్పుడో ఒకసారి గట్టిగా కింద పడి ఉంటుంది, పడ్డ వెంటనే తెలియదు, కొంతకాలం మామూలుగానే నడుస్తుంది అన్నాడు. మీ చేతిలోంచి పడిందా అని అడిగాడు. కోటిలింగం లేదన్నాడు. ముందు కొన్న మనిషి ఎందుకు తిప్పి పంపాడో అప్పుడు తెలిసింది.

అమ్మినవాళ్లకు రాశాడు. వాపసు గడువు చలికాలంలోనే తీరిపోయిందని మర్యాదగా జవాబు వచ్చింది.

ఆశ్రమానికి తిరిగి వచ్చి, తాత కాళ్ల దగ్గర కూర్చుని, పాటలన్నీ పోయాయని చెప్పాడు.

"ఏ పాటలు?" అన్నాడు తాత.

కోటిలింగం లేచి ఏటి వైపు వెళ్లిపోయాడు. ఆ పూట అన్నానికి రాలేదు. బూబమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె ఎత్తిపొడిచినా బాగుండుననుకున్నాడు.

కొన్నాళ్లకు అతను తన సెల్‌ఫోను అమ్మేసి కొత్త డిస్కు కొన్నాడు. ఈసారి ఆన్‌లైన్లో కాదు, కొట్టుకు వెళ్లి, సీలున్నది చూసి తెచ్చాడు. తాతను పీట మీద కూర్చోబెట్టాడు. మైకు పెట్టాడు. పెట్టె చూపించాడు.

"ఇది ఎవరూ తెరవనిది తాతా. మీరు మళ్లీ ఒక్కసారి పాడితే చాలు. మొదట సాలమ్మ పాట."

ఆ పేరు వినగానే తాత ముఖం వెలిగింది.

"ఇది నాకు ఉప్పుగుండం సాలమ్మ ఇచ్చిన పాట," అన్నాడు.

కోటిలింగం ఎదురుచూశాడు. తాత నోరు తెరిచే ఉంది. పొయ్యి దగ్గర కట్టె చిటపటలాడింది. తాత నోరు మూసి, మళ్లీ తెరిచాడు.

"ఇది నాకు మీరావలీ ఇచ్చిన పాట."

మళ్లీ ఆగాడు.

"ఇది నాకు గొర్లకాపరి అంకయ్య ఇచ్చిన పాట. ఇది నాకు మా మేనత్త ఇచ్చిన పాట. ఇది నాకు..."

పేర్లన్నీ ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి తడబాటు లేకుండా వచ్చాయి. వాటి వెనక ఏమీ రాలేదు. చలికాలం సాయంత్రాల్లో కోటిలింగం కూర్చుని ఒక్కొక్కటే తీసేసిన పేర్లు అవి. అతను తల వంచుకుని వింటూ ఉండిపోయాడు. చివరి పేరు కూడా అయిపోయాక తాత మైకు వైపు, సీలు తీయని పెట్టె వైపు చూశాడు. వాటితో తనకేమి పనో తెలియనట్టు చూశాడు.

అప్పుడు తాత పీట మీద నుంచి లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. కోటిలింగం పట్టుకోబోతే వద్దన్నాడు. గోడ ఆసరాతో మెల్లగా వంగి, నేల మీద, పుచ్చుకునేవాళ్లు కూర్చునే చోట కూర్చున్నాడు. పీట ఖాళీగా ఉంది. తాత దాన్ని కోటిలింగానికి చూపించాడు.

"నీ దగ్గర ఏమన్నా ఉందా, నాయనా?"

బూబమ్మ గిన్నె దించి, అక్కడే నిలబడిపోయింది.

కోటిలింగం వెళ్లి పీట మీద కూర్చున్నాడు. తాత రెండు చేతులూ చాచి దోసిలి పట్టాడు. వేళ్ల మధ్య సందులున్నాయి.

"ఇది నాకు కాశిం తాత ఇచ్చిన పాట," అన్నాడు కోటిలింగం.

తాత ఆ పేరును శ్రద్ధగా విన్నాడు.

"ఉన్నాడా ఆయన?"

"ఉన్నాడు."

"మంచిది. పాడు."

కోటిలింగం పాడాడు. నిప్పు రాజేసి పోయినవాడి పాట. వాన పడిన ఆ సాయంత్రం విసుక్కుంటూ పుచ్చుకున్నది ఒక్క మాట కూడా పోకుండా వచ్చింది. తాత తిరిగి పాడాడు, రెండో పాదంలో తప్పు పోయింది. కోటిలింగం మళ్లీ మొదటి నుంచి పాడాడు. తాత మళ్లీ తప్పాడు. ఎండ గుమ్మంలో నుంచి జరిగి గోడ ఎక్కింది. అన్నం చల్లారింది. తాత విసుక్కోలేదు. కోటిలింగమూ విసుక్కోలేదు.

చివరికి పాట సరిగ్గా వచ్చింది. తాత దోసిలి కళ్లకద్దుకున్నాడు. అద్దుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చేతులు దించి, ఆ పాటను ఇంకెవరికో ఇవ్వబోతున్నవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

"ఇది నాకు..." అని ఆగి, కోటిలింగం ముఖంలోకి చూశాడు.

"నీ పేరేమిటి, నాయనా?"

కోటిలింగం చెప్పాడు.

"ఇది నాకు," అన్నాడు తాత, "కోటిలింగం ఇచ్చిన పాట."